శంషాబాద్ కౌంటర్ దాటేదాకా: మారుతూ ఉండే విదేశీ ప్రవేశ నిబంధనలకు సిద్ధపడే పద్ధతి

2025 జూన్‌లో మా చిన్నాన్నవాళ్ళు నలుగురు బ్యాంకాక్ బయల్దేరారు. టికెట్లు, హోటలు, మార్చుకున్న బాత్‌లు అన్నీ సర్దుకున్నారు. "థాయ్‌లాండ్‌కి వీసా అక్కర్లేదురా, పక్కింటాయన ఫిబ్రవరిలోనే పోయొచ్చాడు" అని చిన్నాన్న ధీమా. శంషాబాద్‌లో చెకిన్ కౌంటర్ అమ్మాయి పాస్‌పోర్టులు చూసి "డిజిటల్ అరైవల్ కార్డు చూపించండి సార్" అంది. పక్కింటాయన చెప్పిన దాంట్లో ఆ ముక్క లేదు. ఉండదు కూడా, దిగేముందే ఆన్‌లైన్‌లో నింపుకోవాల్సిన ఆ కార్డు మొదలైంది 2025 మే 1న. ట్రాలీ పక్కకు తీసి, నిలబడే ఫోన్లో నాలుగు ఫారాలు నింపేసరికి కౌంటర్ మూసే వేళ దగ్గరపడింది. విమానం దొరికింది కానీ పిన్ని ఆ రాత్రి చిన్నాన్నతో మాట్లాడలేదు.

అప్పటినుంచి మా బంధువుల్లో ఎవరు విదేశం బయల్దేరినా ముందు నాకు ఫోన్ చేస్తారు. నేను ఏజెంటుని కాను. నా దగ్గర ఉన్నదల్లా ఒక పద్ధతి. నిబంధనలు గుర్తుపెట్టుకుంటే పాచిపోతాయి, పక్కింటివాళ్ళ అనుభవమైతే ఇంకా త్వరగా పాచిపోతుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏం చూసుకోవాలో అలవాటు చేసుకుంటే ఏ దేశానికైనా అదే పనికొస్తుంది.

మొదటి మెట్టు: మిమ్మల్ని ముందు ఆపేది ఎవరో తెలుసుకోండి

అవతలి దేశపు ఇమిగ్రేషన్ అధికారి గురించే అందరూ భయపడతారు. నిజానికి మొదటి పరీక్ష శంషాబాద్‌లోనే, విమాన సంస్థ కౌంటర్ దగ్గర. సరైన పత్రాలు లేనివాళ్ళని ఎక్కించుకుని వెళ్తే ఆ దేశం విమాన సంస్థకే జరిమానా వేస్తుంది, వెనక్కి తెచ్చే ఖర్చూ దానిదే. అందుకే వాళ్ళు తమ కంప్యూటర్‌లో చూపించినదాన్ని దాటి ఒక్క అడుగు వెయ్యరు. ఆ సమాచారం ఎక్కువగా టిమాటిక్ అనే డేటాబేస్ నుంచి వస్తుంది. దాన్ని నడిపేది అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం అయాటా. అయాటా ట్రావెల్ సెంటర్ పేజీలో మనమూ చూసుకోవచ్చు: పౌరసత్వం, బయల్దేరే ఊరు, మధ్యలో ఆగే ఊరు, చేరే ఊరు ఇస్తే చాలు. కౌంటర్‌లో వాళ్ళు చూసేదాన్ని ఇంట్లో కూర్చుని ముందే చూసినట్టు.

ఇంకో సంగతి. మీరు టికెట్ కొన్న నాటి నిబంధనతో వాళ్ళకు పనిలేదు. దిగే రోజున అమల్లో ఉన్నదే లెక్క. ఆరు నెలల ముందు టికెట్ కొన్నవాళ్ళు "అప్పుడు లేదు కదా" అంటే వినేవాళ్ళు ఉండరు.

రెండో మెట్టు: పాస్‌పోర్టు తీసి నిజంగా చదవండి

పాస్‌పోర్టు ఉందా అంటే ఉంది అంటారు. తెరిచి చూసి ఎన్నాళ్ళయిందో అడగండి, చెప్పలేరు.

గడువు: దిగే నాటికి ఆరు నెలలు మిగిలి ఉండాలని సింగపూర్, మలేషియా లాంటివి అడుగుతాయి. షెంజెన్ దేశాలకైతే (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల గుంపు) అక్కడినుంచి బయటికొచ్చే తేదీ తర్వాత మూడు నెలలు, రెండు ఖాళీ పేజీలు. నా లెక్క ఒక్కటే: గడువు ఏడాది లోపలికి వచ్చిందంటే టికెట్ మాట తర్వాత, ముందు రీఇష్యూ. 36 పేజీలకు 1,500 రూపాయలు, 60 పేజీలకు 2,000, తత్కాల్ అయితే మరో 2,000. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళే అని పెద్దవాళ్ళు మర్చిపోతారు. పదేళ్ళ లెక్కలో ఉండి, సెలవులు మొదలయ్యాక నాలిక కరుచుకుంటారు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. జీహెచ్‌ఎంసీ ఇచ్చిన దాంట్లో బిడ్డ పేరు ఎక్కిందో లేదో ఇప్పుడే చూడండి. చాలామందికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

పేరు: మన తెలుగువాళ్ళకు అసలు చిక్కంతా ఇక్కడే. ఇంటిపేరు ముందు రాస్తాం, ఒక్కోసారి అక్షరంతో సరిపెడతాం, పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి మొత్తం పేరు ఒకే గడిలో పెట్టినవి ఇప్పటికీ కనిపిస్తాయి. మన దేశంలో దానివల్ల నొప్పి లేదు. కానీ 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టు మీద ఒంటి పేరే ఉన్నవాళ్ళని విజిట్ వీసా మీద రానివ్వబోమంది. రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే ఫరవాలేదని తర్వాత కాస్త సడలించింది. అమెరికా వీసాలోనైతే సొంత పేరు గడి ఖాళీగా ఉంటే ఆ చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని వేస్తారు, అంటే పేరు తెలియదని. ఆ తర్వాత బ్యాంకులో, లైసెన్సు దగ్గర ఆ మూడు అక్షరాలే మన పేరై కూర్చుంటాయి.

టికెట్ మీద పేరు ఎలా రాయాలో సందేహమొస్తే పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణాల్లాంటి గుర్తులతో ఉన్న రెండు వరుసలు చూడండి. పై వరుసలో 'ఐఎన్‌డీ' తర్వాత, ఆ గుర్తులు రెండు జంటగా వచ్చేదాకా ఉన్నది ఇంటిపేరు, ఆ తర్వాతది సొంత పేరు. అక్షరం పొల్లుపోకుండా అదే టికెట్ మీదా, వీసా ఫారం మీదా రావాలి. పెళ్ళయ్యాక పేరు మారిన ఆడవాళ్ళు పాస్‌పోర్టులో ఏ పేరుందో ఆ పేరుతోనే టికెట్ తీసుకోవాలి, ఫేస్‌బుక్‌లో ఉన్న పేరుతో కాదు.

పాత పాస్‌పోర్టులో చెల్లే అమెరికా వీసా ఉంటే ఆ పాస్‌పోర్టు పారేయకండి. కొత్తదీ పాతదీ రెండూ పట్టుకెళ్ళాలి. వీసా కాగితాన్ని పీకి కొత్తదాంట్లో అతికించే ప్రయోగం మాత్రం చెయ్యొద్దు.

మూడో మెట్టు: 'వీసా అక్కర్లేదు' అన్న మాటను విప్పి చూడండి

వీసా, ముందస్తు అనుమతి, అరైవల్ కార్డు, ఆరోగ్య పత్రం, కస్టమ్స్ ఇవన్నీ వేరువేరు గదులు. ఒక తలుపు తెరుచుకుందంటే మిగతావీ తెరుచుకున్నట్టు కాదు. పైగా ఒక్కో తలుపు ఒక్కో వేగంతో మారుతుంది.

థాయ్‌లాండ్‌నే చూడండి. ఒకప్పుడు దిగాక లైన్లో నిలబడి డబ్బు కట్టి వీసా తీసుకునేవాళ్ళం. 2023 నవంబరులో భారతీయులకు 30 రోజులు వీసా లేకుండా అన్నారు. 2024 జులైలో దాన్ని 60 రోజులు చేశారు. 2025 మేలో డిజిటల్ కార్డు తెచ్చారు. రెండేళ్ళు తిరక్కుండా మూడు మార్పులు. 60 రోజుల్ని తగ్గించాలన్న మాటా అక్కడ నడుస్తూనే వచ్చింది, కాబట్టి మీరు వెళ్ళే వారం మళ్ళీ చూసుకోవాల్సిందే. మలేషియాది ఇంకో తరహా. 2023 డిసెంబరు 1న మొదలుపెట్టిన 30 రోజుల వెసులుబాటును 2026 డిసెంబరు చివరిదాకా అని గడువు పెట్టి పొడిగించారు. గడువున్న వెసులుబాటు కనిపిస్తే ఆ తేదీని క్యాలెండర్‌లో ఎర్ర రంగుతో రాసుకోండి. న్యూ ఇయర్ వేడుకకు టికెట్లు కొన్నవాళ్ళు ఆ తేదీకి అటో ఇటో తేలుతారు.

కెన్యా 2024 జనవరి నుంచి వీసా ఎత్తేసింది, బదులుగా ముందే ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోమంది. పేరు మారింది, ఫారం ఉంది, రుసుమూ ఉంది. 'వీసా ఫ్రీ' అన్న వార్త చదివి ఖాళీ చేతులతో వెళ్ళేవాళ్ళకి అక్కడే దెబ్బ.

తలుపు వెనక్కి మూసుకోవడమూ జరుగుతుంది. 2024 ఫిబ్రవరిలో భారతీయులకు వీసా మినహాయింపు ఇచ్చిన ఇరాన్ 2025 నవంబరు 22 నుంచి దాన్ని ఆపేసింది. పాతబస్తీ నుంచి మషద్ జియారత్‌కి, అంటే అక్కడి పుణ్యక్షేత్ర దర్శనానికి, వెళ్ళే కుటుంబాలు కిందటిసారి అనుభవం నమ్ముకుంటే ఈసారి కౌంటర్ దాటవు.

నాలుగో మెట్టు: వార్త వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు

కుటుంబం వాట్సాప్ గ్రూపులో 'అర్జెంట్' అని ఏదైనా వచ్చినప్పుడు నేను అడిగేవి ఇవే: ఎవరికి? ఎప్పటినుంచి? దరఖాస్తు తేదీ లెక్కా, దిగే తేదీ లెక్కా?

2025 సెప్టెంబరు 19, శుక్రవారం. హెచ్-1బీ ఉద్యోగ వీసాకి లక్ష డాలర్లన్న ప్రకటన అమెరికాలో వెలువడింది, 21 నుంచి అమలన్నారు. మన దగ్గర ఆ శనివారం తెల్లవారకముందే ఎన్ని ఇళ్ళలో దీపాలు వెలిగాయో లెక్కలేదు. సెలవులో వచ్చినవాళ్ళు దొరికిన రేటుకి టికెట్ కొని పరుగెత్తారు, అక్కడ విమానం ఎక్కినవాళ్ళు కొందరు దిగిపోయారు. ఒక్క రోజు గడిచాక వివరణ వచ్చింది: అది కంపెనీలు కొత్తగా వేసే పిటిషన్లకే (దరఖాస్తులకే), ఉన్న వీసాతో తిరిగి వచ్చేవాళ్ళకు కాదని. మొదటి ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఆగినవాళ్ళకి టికెట్ డబ్బు మిగిలింది. అలాగని ఆగడం ఎప్పుడూ తెలివే అనను. ఆ రాత్రి మా తమ్ముడు అడిగుంటే "వెళ్ళు" అనే చెప్పేవాణ్ణేమో.

షెంజెన్‌కి ఎటియాస్ అనే ముందస్తు ఆన్‌లైన్ అనుమతి వస్తోందన్న ఫార్వర్డు ఇంకో రకం. అది వీసా అక్కర్లేని దేశాలవాళ్ళకు. భారతీయ పాస్‌పోర్టుకు షెంజెన్ వీసా ఎటూ ఉండాలి కాబట్టి ఎటియాస్‌తో మనకు పనిలేదు. కానీ అమెరికాలో పుట్టిన మీ మనవడి పాస్‌పోర్టు అమెరికాది. అదే కుటుంబం లండన్‌లో నాలుగు రోజులు ఆగితే తల్లిదండ్రులకు వీసా, బిడ్డకు ఈటీఏ. ఒకే ఇంట్లో రెండు పాస్‌పోర్టులుంటే రెండు వేరే ప్రయాణాలుగా చూసుకోవాలి.

ఎక్కడ చూడాలంటే ప్రభుత్వ సైటులోనే. చిరునామా చివర అమెరికాకి 'డాట్ గవ్', బ్రిటన్‌కి 'గవ్ డాట్ యూకే', ఐరోపా సమాఖ్యకి 'యూరోపా డాట్ ఈయూ', థాయ్‌లాండ్‌కి 'గో డాట్ టీహెచ్' ఉంటాయి. థాయ్, మలేషియా, సింగపూర్ అరైవల్ కార్డులు మూడూ ఉచితం. డబ్బు కట్టమని బ్యాంకు కార్డు నంబరు అడిగే పేజీ కనిపించిందంటే మీరు తప్పు ఇంట్లోకి వెళ్ళారు, బయటికొచ్చేయండి.

ఐదో మెట్టు: నాలుగుసార్లు చూడండి, తేదీ వేసి దాచుకోండి

టికెట్ కొనకముందు ఒకసారి. మూడు నెలల ముందు, అంటే వీసా పని మొదలుపెట్టేటప్పుడు రెండోసారి. పదిహేను రోజుల ముందు మూడోసారి. మూడు రోజుల ముందు, అరైవల్ కార్డు నింపేటప్పుడు నాలుగోసారి. చూసిన పేజీని ప్రతిసారీ పీడీఎఫ్‌గా దాచండి, ఫైలు పేరులో తేదీ ఉండాలి. నాలుగోసారి చూసినప్పుడు మొదటిదానితో పోల్చుకుంటే ఏం మారిందో తెలిసిపోతుంది.

షెంజెన్ వీసాకి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు చెయ్యొచ్చు, ఆఖరు గడువు 15 రోజుల ముందు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 దాకా. వేసవి సెలవులకు మార్చిలో మేలుకుంటే స్లాటే (అపాయింట్‌మెంటే) దొరకదు, కాబట్టి సంక్రాంతి పిండివంటలు అయిపోయేలోపు మొదలుపెట్టండి. రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఒకసారి సవ్యంగా వెళ్ళొచ్చినవాళ్ళకి ఒక మంచి మాట: 2024 ఏప్రిల్‌లో భారతీయుల కోసం తెచ్చిన పద్ధతి ప్రకారం, గత మూడేళ్ళలో రెండు వీసాలు పొంది సక్రమంగా వాడుకున్నవాళ్ళకి రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇస్తారు. పాత వీసాల కాపీలు జత చేయడం మరవకండి.

అమెరికాది వేరే కథ. నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్ కొత్త భవనం 2023లో తెరిచాక జనానికి ఆశ పెరిగింది, కానీ నియమాలు మాత్రం బిగిశాయి. 2025 సెప్టెంబరు 2 నుంచి డ్రాప్‌బాక్స్, అంటే ఇంటర్వ్యూ లేకుండా వీసా ఇచ్చే వెసులుబాటు, బాగా కుంచించుకుపోయింది. 79 దాటిన తాతలూ, 14 నిండని పిల్లలూ కూడా మామూలుగా ఇంటర్వ్యూకి రావాల్సిందే. బ్యాంకాక్‌లోనో ఇంకో దేశంలోనో స్లాటు పట్టుకునే చిట్కా కూడా అదే నెలలో పోయింది, సొంత దేశంలో గానీ నివసించే దేశంలో గానీ ఇంటర్వ్యూ ఇవ్వాలన్నారు. ఆ డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ వాళ్ళ, వాళ్ళ మీద ఆధారపడి హెచ్-4 వీసాతో వెళ్ళే కుటుంబ సభ్యుల సోషల్ మీడియా పరిశీలన మొదలై ఎన్నో అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి వెళ్ళాయి. పెళ్ళికని వచ్చి స్టాంపింగ్ (పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడం) పెట్టుకున్నవాళ్ళు ఇక్కడే ఇరుక్కుపోయారు. అందుకే నా అభిప్రాయం: తప్పనిసరి కాని ప్రయాణంతో స్టాంపింగ్‌ని ముడిపెట్టకండి. పెట్టాల్సి వస్తే, ఆలస్యమైతే ఇక్కడినుంచి ఎన్నాళ్ళు పని చెయ్యనిస్తారో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకుని బయల్దేరండి.

చిలుకూరు బాలాజీ దగ్గర పదకొండు ప్రదక్షిణలు చేయడం తప్పు కాదు, నేనూ చేశాను. అయితే డీఎస్-160 అనే అమెరికా వీసా దరఖాస్తు ఫారం ఇంకోసారి చదివి చేశాను.

హోటలు, టికెట్లు వీసా వచ్చాకే కొనమంటారు, వీసావాళ్ళేమో బుకింగ్ చూపించమంటారు. ఈ పీటముడికి దారి రద్దు చేసుకునే వీలున్న బుకింగ్ ఒక్కటే. వీసా రాకపోతే ప్రయాణ బీమా డబ్బిస్తుందో లేదో పాలసీలో చదివి తెలుసుకోండి, ఏజెంటు నోటి మాట మీద వద్దు.

ఆరో మెట్టు: సూది, సంచి

ఆఫ్రికా సఫారీకి వెళ్తుంటే ఎల్లో ఫీవర్ టీకా చూడండి. వేసుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ (పసుపు రంగు పుస్తకం) చెల్లుతుంది, 2016 జులై నుంచి జీవితాంతం పనిచేస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. రోజూ వెయ్యరు కాబట్టి ముందు కనుక్కుని వెళ్ళండి. ఇది అక్కడికి వెళ్ళడానికే కాదు, తిరిగి రావడానికి కూడా. కెన్యా లాంటి దేశం నుంచి ఆ పసుపు పుస్తకం లేకుండా వస్తే మన దేశమే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. హజ్, ఉమ్రాలకైతే మెనింజైటిస్ టీకా పత్రం ఉండాలి.

ఇక సంచి. దుబాయ్‌లో ఉన్న అమ్మాయికి మసాలా దినుసులు కట్టే తల్లులకు ఒక్క మాట: గసగసాలు తీసేయండి. మన వంటింట్లో అవి కుర్మాలోకి వెళ్ళే దినుసు, యూఏఈలో మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే వస్తువు. సింగపూర్‌కీ తీసుకెళ్ళొద్దు. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరు చీటీ ఉన్నా ముందస్తు అనుమతి లేకుండా గల్ఫ్‌కి పట్టుకెళ్ళొద్దు. ఆస్ట్రేలియాకి పచ్చళ్ళూ పొడులూ తీసుకెళ్తే దిగేముందు నింపే కార్డులో 'అవును' అని టిక్ పెట్టి చూపించండి. తీసేస్తే పచ్చడి పోతుంది, దాస్తే జరిమానా పడుతుంది.

ఏడో మెట్టు: మధ్యలో ఆగే ఊరు

చవక కదా అని రెండు వేరువేరు టికెట్లు కొన్నారనుకోండి. మధ్యలో దిగి లగేజీ తీసుకుని మళ్ళీ చెకిన్ చెయ్యాలి, అంటే ఆ దేశంలోకి ప్రవేశించాలి, అంటే దాని వీసా కావాలి. మిగిలిన ఐదు వేలు అక్కడే పోతాయి. ఒకే టికెట్ అయినా కొన్ని దేశాలు విమానాశ్రయం దాటకపోయినా ట్రాన్సిట్ వీసా అడుగుతాయి. లండన్ మీదుగా వెళ్ళే భారతీయుల సంగతి అదే, చేతిలో చెల్లే అమెరికా వీసా ఉంటే మాత్రం మినహాయింపు ఉంది.

ఎనిమిదో మెట్టు: బయల్దేరే రాత్రి

మన విదేశీ విమానాలు చాలామటుకు అర్ధరాత్రి దాటాకే. 14వ తేదీ 00:40 అని ఉంటే 13వ తేదీ రాత్రి భోజనం చేసి ఇల్లు దాటాలి. 14 రాత్రి పుష్పక్ బస్సెక్కి వెళ్ళి ఖాళీ కౌంటర్ చూసినవాళ్ళు నాకే ఇద్దరు తెలుసు. అరైవల్ కార్డులో అడిగేది దిగే తేదీ, అదీ అక్కడి గడియారం ప్రకారం.

కాగితాలు ఫోన్లో ఉన్నా ఒక సెట్టు ప్రింటు తీయండి: పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా, తిరుగు టికెట్, హోటలు, బీమా, అరైవల్ కార్డు. కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి ఫోన్ చచ్చిపోవడం అందరి ఇళ్ళలో జరిగేదే. బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్‌కి రోమింగ్ పెట్టించుకోండి. అక్కడ దిగాక ఏదైనా రుసుము కట్టాల్సివస్తే ఆ నంబరు మూగదై ఉండకూడదు.

తొమ్మిదో మెట్టు: దిగాక కూడా ఒక పని

వీసా మీద ఉన్న తేదీ వేరు, ఉండనిచ్చే తేదీ వేరు. కూతురి పురిటికి అమెరికా వెళ్ళే అమ్మలకు పదేళ్ళ వీసా ఉంటుంది. కానీ ఎన్నాళ్ళు ఉండాలో దిగినప్పుడు అక్కడి అధికారి నిర్ణయిస్తారు, అది ఐ-94 అనే ప్రవేశ రికార్డులో ఉంటుంది. ఇప్పుడది కాగితం కాదు, వాళ్ళ సైటులో చూసుకోవాలి. షెంజెన్‌లో ఏ 180 రోజుల్లోనైనా 90 మించకూడదు. ఇదివరకు స్టాంపులు చూసి చేత్తో లెక్కపెట్టేవాళ్ళు. 2025 అక్టోబరు 12 నుంచి వేలిముద్రలు, ఫొటోతో నమోదు చేసే ఈఈఎస్ వచ్చింది, ఒక్క రోజు ఎక్కువైనా యంత్రమే పట్టేస్తుంది.

స్టాంపు వేసే చోటైతే కౌంటర్ దగ్గరే తేదీ చదివి కదలండి. తప్పు పడితే దిద్దించుకోవడం అక్కడే తేలిక. ఆ తేదీని ఫొటో తీసి ఇంటి గ్రూపులో పెట్టేయండి. మా పెద్దమ్మ ఐ-94 తేదీ ఆమెకు గుర్తులేదు, డల్లాస్‌లో ఉన్న అల్లుడికీ గుర్తులేదు. కూకట్‌పల్లిలో నా ఫోన్లో ఉంది, గడువుకి నెల ముందు మోగుతుంది.